స్లో కుకర్‌లో బీఫ్ ముక్క వేలితో విరిగేంత మెత్తగా ఉడకాలంటే

“ఆరు గంటలు పెట్టాను, ముక్క ఇంకా రబ్బరులా సాగుతోంది. ఎక్కువ ఉడికించేశానా?”

స్లో కుకర్, అంటే సన్నటి వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుండ, కొత్తగా కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు కూడా ప్రతిసారీ ఒకటే: మీరు ఎక్కువ ఉడికించలేదు. అది ఇంకా ఉడకలేదు. మూత పెట్టి ఇంకో గంటో గంటన్నరో వదిలేయండి, అదే ముక్క మెత్తబడుతుంది.

గుడ్డు, చేప, కోడి వండి అలవాటైన చేతికి ఈ మాట నమ్మబుద్ధి కాదు. అవి గట్టిపడ్డాయంటే సమయం మించిపోయినట్టే. కానీ బాగా పనిచేసే కండరం నుంచి కోసిన బీఫ్ ముక్క తీరు వేరు. వేడెక్కగానే ముందు బిగుసుకుంటుంది, ఆ తర్వాతే వదులవుతుంది. మొదట్లో నేనూ ఆ బిగుసుకున్న దశలోనే చూసి, పాడైపోయిందనుకుని రెండుసార్లు కుకర్ కట్టేశాను. అంత మాంసం అలా వృథా అయితే మనసు చివుక్కుమంటుంది. మీకు ఆ అవస్థ రాకూడదని మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

కావలసినవి

ఐదారుగురికి సరిపోయే లెక్క ఇది. కుకర్ 4 నుంచి 6 లీటర్లది అయితే బాగుంటుంది.

- బీఫ్, భుజం భాగం: 1.25 కిలోలు
- ఉప్పు: 2 టీస్పూన్లు
- మిరియాల పొడి: 1 టీస్పూన్
- నూనె: 2 టేబుల్ స్పూన్లు
- ఉల్లిపాయలు: 2 పెద్దవి, మందంగా తరిగినవి
- వెల్లుల్లి: 6 రెబ్బలు
- టమాటా పేస్ట్: 2 టేబుల్ స్పూన్లు
- బీఫ్ స్టాక్ (ఎముకలు మరిగించి తీసిన చారు) లేదా వేడినీళ్లు: 300 మిల్లీలీటర్లు
- క్యారెట్లు 3, బంగాళాదుంపలు అర కిలో
- కార్న్‌ఫ్లోర్: ఒకటిన్నర టేబుల్ స్పూన్లు
- వెనిగర్ లేదా నిమ్మరసం: 2 టీస్పూన్లు

కొన్న స్టాక్ వాడుతుంటే అందులో ముందే ఉప్పు ఉంటుంది. అప్పుడు మాంసానికి ఒక టీస్పూన్ పట్టించి, చివర్లో రుచి చూసి కలుపుకోండి. మసాలాలు మీ ఇష్టం. ఈ పద్ధతి ఏ మసాలాతోనైనా పనిచేస్తుంది.

వంటింటి థర్మామీటర్ ఉంటే దగ్గర పెట్టుకోండి. లేకపోయినా ఫర్వాలేదు, ఫోర్క్ చాలు.

ముక్క ఎంపిక: సగం పని ఇక్కడే అయిపోతుంది

ఖరీదైన, కొవ్వు లేని, అప్పటికే మెత్తగా ఉండే ముక్క తెచ్చి స్లో కుకర్‌లో వేయడం చాలామంది చేసే పొరపాటు. నడుము వైపు నుంచి వచ్చే టెండర్‌లాయిన్, సిర్లాయిన్ లాంటి భాగాలు పెనం మీద నిమిషాల్లో వండుకోవడానికి. వాటిని ఎనిమిది గంటలు ఉడికిస్తే లోపల కరిగేది ఏమీ ఉండదు. తడి మొత్తం పులుసులోకి పోతుంది, మిగిలేది పొడిబారిన పీచు.

మనకు కావలసింది జంతువు రోజంతా వాడే కండరం. దాంట్లో పీచుల మధ్య తెల్లటి పొరలు ఉంటాయి. ఆ పొరల్లో ఉండే కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెల్లగా కరగడం మొదలుపెట్టి, 80 దాటాక జోరందుకుని జెలటిన్‌గా మారుతుంది. ముక్కను మెత్తగా, జిగిగా చేసేది ఆ జెలటినే. ఇంతకు మించి శాస్త్రం అక్కర్లేదు.

వరసగా నా ఎంపిక:

- భుజం భాగం, అంటే చక్. కొవ్వు, పొర, కండ సమపాళ్లలో ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే తీసుకోవచ్చు.
- కాలి పిక్క, అంటే షాంక్. పొరలు ఎక్కువ, కొవ్వు తక్కువ. గంట అదనంగా పడుతుంది కానీ దీని పులుసుకి వచ్చే చిక్కదనం మరే ముక్కకీ రాదు.
- రొమ్ము భాగం, అంటే బ్రిస్కెట్. పెద్ద ముక్కగానే ఉడికించి, తర్వాత కోసుకోవాలి.
- పక్కటెముకల ముక్కలు, అంటే షార్ట్ రిబ్స్. రుచి అద్భుతం, కొవ్వు చాలా దిగుతుంది. చివర్లో తప్పక తీసేయాలి.

వెనక తొడ నుంచి వచ్చే రౌండ్ భాగం పనికి రాదని కాదు. మెత్తబడుతుంది కానీ కొంచెం పొడిగా ఉంటుంది. అది తప్ప దొరకకపోతే పెద్ద ముక్కలుగా ఉంచి, ఉడికాక గ్రేవీలో నానబెట్టి తినండి.

పేర్లు గుర్తుండకపోతే మాంసం కోసిచ్చే మనిషితో ఇలా చెప్పండి: “గంటల తరబడి ఉడికించడానికి, లోపల తెల్ల చారలున్న భుజం ముక్క కావాలి.” వాళ్లకి అర్థమవుతుంది. “కూరకి” అని ముందే కోసి పెట్టిన ముక్కల్లో నాలుగైదు భాగాలు కలిసి ఉండే అవకాశం ఉంది. ఒకటి ఆరు గంటలకు ఉడికితే పక్కది ఎనిమిదికి ఉడుకుతుంది. ఒకటే పెద్ద ముక్క కొని ఇంట్లో కోసుకోవడమే మంచిది.

చేసే విధానం

1. ముందు రోజే సిద్ధం చేసుకోండి. గడ్డకట్టిన మాంసమైతే ఫ్రిజ్‌లోని కింది అరలో పెట్టి పూర్తిగా కరగనివ్వండి. ఈ పరిమాణానికి దాదాపు ఒక రోజు పడుతుంది. తర్వాత 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. చిన్నవి వద్దు, ఉడికేసరికి కుంచించుకుపోయి ఎండిపోతాయి. ఉప్పు, మిరియాల పొడి పట్టించి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రంతా ఉంటే ఉప్పు లోపలి దాకా దిగుతుంది. సమయం లేకపోతే వండే ముందు పట్టించినా సరే.

జాగ్రత్త: గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా స్లో కుకర్‌లో ఎప్పుడూ వేయకండి. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. ఈ కుకర్ అసలే నిదానంగా వేడెక్కుతుంది. గడ్డ కరిగే సమయం కూడా దానికి తోడైతే మాంసం గంటల తరబడి ఆ ప్రమాదకరమైన వేడిలోనే ఉండిపోతుంది.

2. ముక్కల తడి ఒత్తి తీసేయండి. పేపర్ టవల్‌తో గట్టిగా అద్దండి. తడి ముక్క పెనం మీద ఉడుకుతుంది తప్ప ఎర్రబడదు.

3. ఎర్రగా కాల్చండి. మందపాటి పెనం బాగా కాలాక నూనె వేసి, ముక్కల మధ్య వేలెడు ఖాళీ వదిలి పేర్చండి. కదపకుండా మూడు నాలుగు నిమిషాలు ఉంచితే అడుగు ముదురు గోధుమ రంగుకి వస్తుంది. తిప్పి రెండో వైపు కూడా అలాగే. అన్ని వైపులా కాల్చాలన్న పట్టింపు వద్దు, రెండు వైపులు చాలు. మొత్తం మాంసం ఒకేసారి వేస్తే నీరు ఊరి పెనం చల్లబడుతుంది. మూడు విడతలుగా చేయండి.

కాలిస్తే రసం లోపలే ఉండిపోతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. కాల్చేది రంగు కోసం, రుచి కోసం. మెత్తదనానికి దీనితో సంబంధం లేదు. కాబట్టి పొద్దున్నే పనికి పరిగెత్తాల్సిన రోజు ఈ మెట్టు వదిలేయండి. ముక్క అంతే మెత్తగా ఉడుకుతుంది, రుచి కాస్త చప్పబడుతుంది అంతే. అలాంటప్పుడు టమాటా పేస్ట్ ఒక స్పూన్ ఎక్కువ వేసి, ఉల్లిపాయలతో బాగా వేయించండి. కొంతవరకు లోటు తీరుతుంది.

ఒకటి మాత్రం చేయకండి. రాత్రి కాల్చి పెట్టుకుని, పొద్దున కుకర్‌లో వేయడం. సగం ఉడికిన మాంసాన్ని నిల్వ ఉంచడం మంచిది కాదు. కాల్చారంటే వెంటనే కుకర్‌లోకి వెళ్లాలి.

4. అదే పెనంలో ఉల్లిపాయలు. మంట తగ్గించి ఉల్లిపాయలు ఐదు నిమిషాలు వేయించండి. వెల్లుల్లి, టమాటా పేస్ట్ వేసి పేస్ట్ ఇటుక రంగుకి మారేదాకా కలపండి. తర్వాత స్టాక్ పోసి, పెనానికి అంటుకున్న గోధుమ రంగు పొరని చెక్క గరిటెతో గీకి కరిగించండి. దాన్ని సింక్‌లో పోయకండి, రుచంతా అందులోనే ఉంది. వైన్ వాడేవాళ్లు ఇక్కడే పోసి సగానికి మరిగించాలి. మూతపెట్టిన కుకర్‌లో ఆల్కహాల్ ఘాటు సరిగ్గా పోదు.

5. కుకర్‌లో పేర్చండి. దుంపలు, క్యారెట్లు అడుగున, పక్కల్లో. వాటి మీద మాంసం. దుంపల కన్నా మాంసం ఆలస్యంగా ఉడుకుతుందని అనుకుంటాం కానీ స్లో కుకర్‌లో గట్టి దుంపలకే ఎక్కువ సమయం పట్టవచ్చు. అడుగునే వేడి ముందు తగులుతుంది కాబట్టి వాటి చోటు అక్కడే. 3 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి, మరీ చిన్నవైతే చితికిపోతాయి. కుండ సగానికి తక్కువ కాకుండా, మూడింట రెండు వంతులు మించకుండా ఉండాలి.

6. నీళ్లు కొలిచి పోయండి. మామూలు గిన్నెలో వండినట్టు ముక్కలు మునిగేలా పోస్తే చివరికి నీళ్ల చారు మిగులుతుంది. స్లో కుకర్‌లో ఆవిరి మూతకు తగిలి మళ్లీ కుండలోకే దిగుతుంది, పైగా మాంసం నుంచి, ఉల్లిపాయల నుంచి నీరు ఊరుతుంది. పెనంలో పోసిన ఆ 300 మిల్లీలీటర్ల స్టాక్‌నే ఉల్లిపాయలతో సహా కుండలో పోస్తే మొదట్లో తక్కువగా కనిపిస్తుంది. టెన్షన్ పడకండి. నాలుగు గంటల తర్వాత ముక్కలు దాదాపు మునిగి ఉంటాయి. స్టాక్ వేడిగా పోస్తే కుండ త్వరగా వేడెక్కుతుంది.

7. ‘లో’ మీద 8 గంటలు, లేదా ‘హై’ మీద 4 నుంచి 5 గంటలు. ముక్కలు కోయకుండా మొత్తం ఒకటే దిమ్మగా వేస్తే ‘లో’ మీద 9 నుంచి 10 గంటలు. చాలా కుకర్లలో రెండు సెట్టింగులూ చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి, మరిగే స్థాయికి కాస్త కిందకి. ‘హై’ అక్కడికి త్వరగా చేరుతుంది, ‘లో’ ఆలస్యంగా. నాకు వీలుంటే ‘లో’ మీదే వండుతాను. ముక్క అంచులు విడిపోకుండా, సమంగా ఉడుకుతుంది. ‘వార్మ్’ సెట్టింగ్ వండడానికి కాదు, వండినదాన్ని వేడిగా ఉంచడానికి మాత్రమే.

8. మూత తీయకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మూడుసార్లు తొంగిచూస్తే గంటకు పైగా పోయినట్టే. కలపాల్సిన అవసరం కూడా లేదు. ‘లో’ మీద ఏడున్నర గంటలకు ముందు మూత జోలికి వెళ్లకండి.

ఉడికిందో లేదో ఎలా తెలుసుకోవాలి

గడియారాన్ని నమ్మకండి. రెండు ఇళ్లలో ఒకే రకం కుకర్ ఉన్నా గంట తేడా రావచ్చు. మధ్యలో నుంచి ఒక ముక్క, అంచున ఒక ముక్క తీసి చూడండి.

ఫోర్క్ గుచ్చి చిన్నగా తిప్పండి. ముక్క బలవంతం లేకుండా పీచు వెంట విడిపోతే అయిపోయినట్టు. ఫోర్క్ దిగి ముక్కంతా దానితో పాటే పైకి లేస్తే, లాగితే రబ్బరులా సాగితే ఇంకా ఉడకాలి. వెంటనే మూతపెట్టి గంట ఆగండి. అప్పటికీ కాకపోతే ఇంకో అరగంట.

థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 90 నుంచి 96 డిగ్రీలు చూపించాలి. ఇక్కడే చాలామంది తికమకపడతారు. బీఫ్ దిమ్మకు 63 డిగ్రీలు చాలు కదా అంటారు. అది తినడానికి సురక్షితమైన వేడి. మెత్తబడే వేడి కాదు. 75 దగ్గర ఈ ముక్క సురక్షితమే, కానీ నమలలేరు.

గట్టిగా ఉన్న ముక్క ఉడకనిదో, ఎక్కువ ఉడికినదో తేల్చుకోవడం ఇలా:

- సాగుతూ, పళ్లకు ఎదురు తిరుగుతుంటే ఉడకలేదు. సమయం ఇవ్వండి.
- ముట్టుకుంటే పీచులుగా రాలిపోతూ, నోట్లో దూదిలా పొడిగా ఉంటే ఎక్కువైంది. లేదా కొవ్వు లేని ముక్క తెచ్చారు. ఇంకా ఉడికిస్తే ఇంకా చెడుతుంది. ఫోర్క్‌తో పీచులుగా చీల్చి వేడి గ్రేవీలో కలిపి పావుగంట ఉంచండి. పీచు గ్రేవీని పీల్చుకుంటుంది, భోజనం నిలబడుతుంది.

మంచి ముక్క వాడి సరిగ్గా ఉడికించారనడానికి ఇంకో గుర్తు మర్నాడు కనిపిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన పులుసు జెల్లీలా గడ్డకడుతుంది. అది చూసి పాడైందని పారేయకండి. కరిగిన జెలటిన్ అది, వేడి చేస్తే మళ్లీ పులుసవుతుంది.

గ్రేవీ చిక్కగా రావాలంటే

ముక్కల్ని, దుంపల్ని జల్లి గరిటెతో పళ్లెంలోకి తీయండి. పులుసు ఐదు నిమిషాలు కదలకుండా ఉంచితే కొవ్వు పైకి తేలుతుంది, గరిటెతో తీసేయండి. కార్న్‌ఫ్లోర్‌ని మూడు టేబుల్ స్పూన్ల చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పులుసులో పోసి, ‘హై’ మీద 15 నుంచి 20 నిమిషాలు మూతపెట్టండి. పొడిగా చల్లితే ఉండలు కడుతుంది. ఇంకా త్వరగా కావాలంటే పులుసును గిన్నెలోకి వంపి పొయ్యి మీద మరిగించండి. నాకైతే ఆ పద్ధతే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే మరిగినకొద్దీ రుచి కూడా చిక్కబడుతుంది.

వెనిగర్ లేదా నిమ్మరసం ఇప్పుడే కలపండి. గంటల తరబడి ఉడికిన వంటకి ఒక మందకొడి రుచి వస్తుంది, ఈ రెండు టీస్పూన్ల పులుపు దాన్ని లేపుతుంది. ఉప్పు కూడా ఇప్పుడే చూడండి. పాలు, క్రీమ్, పెరుగు వేసేవాళ్లు చివరి పావుగంటలోనే వేయాలి, ముందే వేస్తే విరిగిపోతాయి. పచ్చి బఠాణీ, ఆకుకూరలు, కొత్తిమీర లాంటివి కూడా చివర్లోనే.

పెద్ద దిమ్మగా ఉడికించినవాళ్లు పావుగంట చల్లార్చి, పీచుకి అడ్డంగా కోయండి. పీచు వెంట కోస్తే ఎంత మెత్తగా ఉడికినా నోట్లో నారలా తగులుతుంది.

ఇంకొన్ని జాగ్రత్తలు

ఎండు రాజ్మా కలపాలనుకుంటే నేరుగా వేయకండి. పచ్చి రాజ్మాలో ఉండే ఒక విషపదార్థం స్లో కుకర్ వేడికి పూర్తిగా పోకపోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పొయ్యి మీద 10 నిమిషాలకు తగ్గకుండా తెర్లించాకే కుకర్‌లో వేయండి. డబ్బాలో వచ్చే ఉడికిన గింజలైతే ఈ భయం లేదు.

మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందని తెలిస్తే, ఎంతసేపు పోయిందో తెలియదు కాబట్టి ఆ వంట పారేయాల్సిందే, ఉడికినట్టు కనిపించినా సరే. ఇంట్లోనే ఉంటే వెంటనే గ్యాస్ మీదకి మార్చి పూర్తిచేయండి.

పింగాణీ కుండను ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వేడి కుకర్‌లో దించితే పగిలిపోవచ్చు. రాత్రి కోసినవి వేరే డబ్బాల్లో పెట్టుకోండి, మాంసం ఒకదాంట్లో, కూరగాయలు ఇంకోదాంట్లో.

ప్రతిసారీ ఆలస్యంగా ఉడుకుతుంటే మీ కుకర్‌నే అనుమానించండి. కుండ సగం దాకా మామూలు నీళ్లు పోసి, మూతపెట్టి ‘లో’ మీద 8 గంటలు ఉంచండి. మూత తీసిన వెంటనే థర్మామీటర్ ముంచితే 85 నుంచి 93 డిగ్రీల మధ్య చూపించాలి. అంతకన్నా తక్కువైతే ఆ కుకర్ వాడడం మానేయండి. ఎక్కువ చూపిస్తే గంట ముందే ముక్క పరీక్షించడం అలవాటు చేసుకోండి.

స్లో కుకర్ లేకపోతే

ఇదే లెక్కతో, మందపాటి గిన్నెకు గట్టి మూతపెట్టి ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర సుమారు మూడు గంటలు. ఓవెన్‌లో నీరు కొంత ఆవిరైపోతుంది కాబట్టి ఇంకో 200 మిల్లీలీటర్లు కలపండి, దుంపలు చివరి గంటలో వేయండి. ప్రెషర్ కుకర్‌లో అయితే ప్రెషర్ వచ్చాక సన్న మంట మీద 40 నిమిషాలు, ఆవిరి దానంతటదే దిగాలి. ఫోర్క్ పరీక్ష మాత్రం ఎక్కడైనా అదే.

మిగిలితే

కుండతో సహా ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల చల్లబడడానికి చాలాసేపు పడుతుంది. లోతు తక్కువ డబ్బాల్లో సర్ది, వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఫ్రీజర్‌లో అయితే రెండు మూడు నెలలు, కాకపోతే బంగాళాదుంపలు తీసేసి పెట్టండి, కరిగాక అవి నీళ్లోడుతూ గరగరలాడతాయి. మళ్లీ వేడి చేసేటప్పుడు స్లో కుకర్ వాడొద్దు. పొయ్యి మీదో మైక్రోవేవ్‌లోనో పొగలు వచ్చేదాకా, అంటే మధ్యలో 74 డిగ్రీలు వచ్చేదాకా వేడి చేయండి. గ్రేవీ బిగిసినట్టు కనిపిస్తే రెండు స్పూన్ల నీళ్లు కలిపితే సరిపోతుంది.